గళ్ళ బొమ్మల వేలంపాట



వేలంపాట అన్న మాట వింటే మనలో చాలామందికి గుండెలో రాయి పడ్డట్టవుతుంది. పేపర్లో ఒక మూల చీమల్లాంటి అక్షరాలతో ప్రకటన పడుతుంది చూశారూ, ఫలానా తేదీలోగా అప్పు తీర్చి విడిపించుకోని బంగారు నగలు వేలం వేయబడును అని? అందులో మన నంబరు వుందేమోనని వేలు పెట్టి వెతికిన తల్లులు మా గోదావరిఖనిలో ఇంటికొకరు దొరుకుతారు. నేనూ వెతికాను. అందుకని ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

మనకు తెలిసిన రెండో వేలం చిట్టీ పాట. అందులో అవసరం ఎవరికి ముంచుకొస్తే వాళ్ళు ఓడిపోతారు. లక్ష రూపాయల చిట్టీని ఎనభై వేలకు పాడుకుని, ఆ ఇరవై వేలూ తక్కిన వాళ్ళకు పంచిపెట్టి, పిల్ల పెళ్ళి చేసుకుంటాం. మూడోది వినాయకుడి లడ్డూ పాట. హైదరాబాదు పక్కన బాలాపూర్ లడ్డూ సంగతి మీరు వినే వుంటారు. 1994లో మొదటిసారి పాట పెట్టినప్పుడు 450 రూపాయలు పలికింది. 2025లో 35 లక్షలు పలికింది! అంత డబ్బు పెట్టింది లడ్డూకి అని ఎవరనుకుంటారు? భక్తి కొంత, పేరు కొంత, ఆ డబ్బు ఊరి పనులకు పోతుందన్న తృప్తి కొంత. ఈ మూడోదాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని వుంది.

నేను చెప్పదలచుకున్నది నాలుగో రకం వేలం. చిన్నప్పుడు పిల్లలు టీవీకి తగిలించుకుని ఆడిన పాత వీడియో గేముల్ని తలచుకుంటూ బొమ్మలు గీస్తారు, కుడతారు, అల్లుతారు. వాటిని వేలం వేసి, వచ్చిన డబ్బు ఆస్పత్రిలో వున్న పిల్లలకో, చదువుకోలేని పిల్లలకో ఇస్తారు. నవ్వకండి. నేనూ మొదట నవ్వినదాన్నే.

అసలు నాకూ వీడియో గేముకూ పాత పగ. 1996 ప్రాంతంలో మేము గోదావరిఖనిలో రెండు గదుల కంపెనీ క్వార్టరులో వుండేవాళ్ళం. అప్పటికి పెద్దపల్లి జిల్లా కాలేదు, కరీంనగరే మన జిల్లా. మా పెద్దవాడికి పదేళ్ళు. బజారులో ఒక కొట్టువాడు నాలుగు టీవీలు పెట్టి, గంటకు ఐదు రూపాయలు తీసుకుని పిల్లల చేత ఆడించేవాడు. ఉప్పు తెమ్మని పంపితే వాడు ఉప్పూ లేదు, డబ్బూ లేదు, మూడు గంటల తర్వాత ఎర్రబడ్డ కళ్ళతో వచ్చేవాడు. చెవి పట్టుకుని లాక్కొచ్చిన రోజులున్నాయి. చివరికి, బయట చెడిపోవడం కంటే ఇంట్లో వుండటం నయమని వాళ్ళ బాపు ఒక సెట్టు కొనిచ్చారు. దానితో వచ్చిన క్యాసెట్టు మీద తొంభై తొమ్మిది లక్షల ఆటలున్నాయని అచ్చు వేసి వుంది. పెట్టి చూస్తే ఉన్నవి ఏడో ఎనిమిదో, అవే మళ్ళీ మళ్ళీ వేరే పేర్లతో. ఆ మోసం ఆ కాలపు పిల్లలందరికీ తెలుసు.

మా ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చి పగలంతా పడుకునేవారు. బాయి పని చేసిన ఇంటి ఆడవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఆ వేళప్పుడు గిన్నె కింద పడితే నేరం. అందుకని మావాడు టీవీ గొంతు పూర్తిగా నొక్కేసి ఆడేవాడు. తెరమీద ఎర్రటోపీ, మీసం వున్న ఒక పొట్టి మనిషి చప్పుడు లేకుండా ఎగురుతూ, దూకుతూ, గొట్టంలోంచి భూమి కిందికి దిగిపోయేవాడు. ‘‘అమ్మా, చూడే, బాపు లెక్కనే బాయిల దిగిండు’’ అని గుసగుసగా అనేవాడు. నేను చూసేదాన్ని కాదు. వీడు లెక్కల్లో తప్పిన సంవత్సరం ఆ సెట్టును తీసి, ఏడుస్తున్నా వినకుండా, పాత ఇనుముకి వేసేశాను.

ఇక అసలు విషయానికి వస్తాను.

2022లో మా పక్కింటి అమ్మాయి హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చింది. ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. మా ముందు గదిలో నేను ఎప్పుడో కుట్టి అద్దం కట్టించిన హంసల బొమ్మ వుంది. మన కాలంలో ప్రతి ఇంటా వుండేదే, దోసూతీ బట్ట మీద క్రాస్ స్టిచ్. దాని ముందు నిలబడి, ‘‘పెద్దమ్మా, నువ్వు పిక్సెల్ ఆర్ట్ చేసినవ్ తెల్సా?’’ అంది. అదేం రోగమో అనుకున్నాను.

అప్పుడా పిల్ల చెప్పిన పాఠం మీకూ చెబుతాను. ఎందుకంటే ఇది మనకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదు.

క్రాస్ స్టిచ్ ఎలా కుడతాం? ముందు గళ్ళ కాగితం మీద బొమ్మ వేసుకుంటాం. ఒక గడికి ఒక రంగు, ఒక గడికి ఒక కుట్టు. గడిలో సగం ఎరుపు, సగం పచ్చ కుదరదు. హంస మెడ వంపు తిరగాలంటే ఆ వంపును మెట్లుమెట్లుగా దించాలి. దగ్గర నుంచి చూస్తే మెట్లు, దూరం నుంచి చూస్తే వంపు. పోచంపల్లి నేతవాళ్ళు చీరె అంచు డిజైను గళ్ళ కాగితం మీద వేసుకునేదీ ఇందుకే. మన చుక్కల ముగ్గు కూడా ఆ కుటుంబంలోదే. చుక్కలు లెక్క తప్పితే ముగ్గు మూసుకోదు.

పాత వీడియో గేములో బొమ్మలన్నీ సరిగ్గా ఇలా తయారైనవే. ఆ గడినే పిక్సెల్ అంటారు. మావాడు ఆడిన ఆ ఎర్రటోపీ మనిషి పేరు మేరియో. ‘సూపర్ మేరియో బ్రదర్స్’ అనే ఆ ఆటను జపానులో నింటెండో కంపెనీ 1985లో విడుదల చేసింది. అప్పటి యంత్రానికి జ్ఞాపకం చాలా తక్కువ. మొత్తం తెరకు అడ్డంగా 256 గళ్ళు, నిలువుగా 240. అందులో చిన్న మేరియోకి దక్కినవి అడ్డం 12, నిలువు 16. రంగులు మూడే మూడు. ఒక్కసారి ఆలోచించండి, మూడు రంగుల దారం ఇచ్చి, రెండు వందల కుట్లు దాటకుండా ఒక మనిషిని కుట్టమంటే మనం ఏం చేస్తాం?

షిగెరు మియమొటొ అనే ఆయన ఏం చేశాడో వినండి. మేరియో మొదట 1981లో ‘డాంకీ కాంగ్’ అనే ఆటలో కనబడ్డాడు, అప్పటికింకా ఆ పేరు కూడా లేదు. అన్ని తక్కువ గళ్ళలో నోరు పెడితే కనబడదు, అందుకని పెద్ద ముక్కు పెట్టి దాని కింద మీసం పెట్టాడు. తల వెంట్రుకలు గీయడం కష్టం, ఎగిరినప్పుడు అవి కదలాలి కూడా, అందుకని టోపీ పెట్టేశాడు. చేతులు వంటి రంగులో కలిసిపోకుండా వేరుగా కనబడాలని పనివాళ్ళు వేసుకునే ముందుగుడ్డ లాగు తొడిగాడు. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ మొహం ఎవరో తీరిగ్గా కూర్చుని అందంగా ఊహించింది కాదు. చాలీచాలని సరుకుతో సంసారం నెట్టుకొచ్చినట్టు నెట్టుకొచ్చింది. ఆ ఆటలోనే ఆకాశంలో మబ్బులూ, నేలమీద పొదలూ ఒకటే అచ్చు. తెల్లరంగు వేస్తే మబ్బు, పచ్చరంగు వేస్తే పొద! రెండు బొమ్మలకు చోటు లేక అలా సర్దారు. ఈ మాట విన్నాక నాకు ఆ జపాను ఆయన మీద కోపం చాలావరకు పోయింది. పాత చీరెతో బొంత కుట్టిన చేతులకు ఆ సంగతి తెలుస్తుంది.

ఇంకో ముచ్చట. నోరు తెరుచుకుని చుక్కలు తింటూ పోయే పసుపుపచ్చ గుండ్రని ‘ప్యాక్‌మాన్’ అనే ఆట మీరు ఎక్కడో చూసే వుంటారు. తోరు ఇవతాని అనే ఆయన 1980లో దాన్ని తయారు చేసింది ఆడవాళ్ళ కోసమట. అంతకు ముందు ఆటలు చాలావరకు తుపాకులూ, కాల్పులూ. ఆడపిల్లలు ఆ ఆటల కొట్ల వైపే వచ్చేవాళ్ళు కారు. వాళ్ళు ఇష్టపడే సంగతి ఏమిటా అని ఆలోచించి, తినడం అని తేల్చుకున్నాడట! ఆడవాళ్ళంటే తిండి అనుకున్నందుకు ఆయన్ను తిట్టాలో, కనీసం మన సంగతి ఆలోచించినందుకు మెచ్చుకోవాలో మీరే చెప్పండి.

ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. చిన్నప్పుడు దెబ్బలు తిని ఆడిన ఆటను తలచుకుని బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. 2005లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ పట్నంలో ‘అయామ్ ఎయిట్ బిట్’ అనే పేరుతో చిత్రకారులు ఇలాంటి బొమ్మలతో ఒక ప్రదర్శన పెట్టారు. 2012లో న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియం ప్యాక్‌మాన్‌తో సహా 14 ఆటలను తన సేకరణలోకి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. అంటే పికాసో చిత్రాలున్న ఇంట్లో వీటికీ ఒక గది దొరికిందన్నమాట. కళా విమర్శకులు అందరూ ఒప్పుకోలేదు లెండి, ఆట కళ ఎలా అవుతుందని గొడవ పడ్డవాళ్ళు పడ్డారు.

ధర్మం సంగతి అంతకు ముందే మొదలైంది. ఆటలాడే కుర్రాళ్ళంతా కొట్లాటల మనుషులవుతారని అమెరికా పత్రికలు రాస్తుండేవి. అది చదివి ఒళ్ళు మండిన ఇద్దరు, బొమ్మల కథలు గీసే మైక్ క్రాహులిక్, జెర్రీ హోల్కిన్స్ అనేవాళ్ళు, 2003లో ‘చైల్డ్స్ ప్లే’ అనే సేవా సంస్థను మొదలుపెట్టారు. ఆటలాడే వాళ్ళు మంచి పని కూడా చేయగలరని చూపించండి అని పిలుపిచ్చారు. సియాటిల్ నగరంలోని పిల్లల ఆస్పత్రికి మొదటి ఏడాదే బొమ్మలు, ఆటలు, డబ్బు గుట్టలుగా వచ్చి పడ్డాయి. పద్ధతి చాలా సులువు. ఏ వార్డుకు ఏమేం కావాలో ఆస్పత్రివాళ్ళే జాబితా రాసి ఇస్తారు, దాతలు ఆ జాబితా చూసి కొనిస్తారు. తర్వాత తర్వాత విందు పెట్టి వేలంపాటలు కూడా జరిపారు. ఇప్పుడు దేశదేశాల్లో ఎన్నో ఆస్పత్రులకు ఆ సాయం అందుతోంది.

పాత ఆటల పేరుతో జరిగే వేలాలన్నీ ధర్మానికే అనుకోకండి. 2021 జూలైలో విప్పని పెట్టెలో వున్న ఒక పాత మేరియో క్యాసెట్టును 15 లక్షల 60 వేల డాలర్లకు పాడుకున్నారు. మన డబ్బులో 11 కోట్ల పైమాట. అది వట్టి వ్యాపారం. నేను పాత ఇనుముకి వేసిన సెట్టుకు నాకు ఉల్లిపాయలు వచ్చాయి.

సరే, ఆ అమ్మాయి ఇదంతా చెప్పి ఊరుకుందా? ‘‘మనం గూడ పెడ్దాం పెద్దమ్మా’’ అంది. ఇక్కడి ఒక ఆస్పత్రి పిల్లల వార్డుకు బొమ్మలు, బొమ్మల పుస్తకాలు, రంగుపెన్సిళ్ళు, కూచుని ఆడుకునే చిన్న బల్లలు కావాలని నర్సమ్మలు చాలాకాలంగా అంటున్నారు. వాళ్ళనే జాబితా రాసి ఇమ్మన్నాం. ఇరవై వేల దాకా తేలింది. మా వీధి ఆడవాళ్ళం పద్నాలుగు మందిమి కూడాం. కుట్టేవాళ్ళం కుట్టాం, అల్లేవాళ్ళు అల్లారు, ఇద్దరు పిల్లలు రంగులతో వేశారు. మొత్తం ఇరవై రెండు బొమ్మలు.

మొదటి తంటా అక్కడే వచ్చింది. నేను ఎంతో ముచ్చటపడి మేరియోనే కుట్టాను. వద్దంది పిల్ల. ఆ బొమ్మ కంపెనీ సొత్తట. మన ఇంటి గోడకు పెట్టుకుంటే అడిగేవాడు లేడు, కానీ అమ్మకానికి పెడితే, ధర్మానికే అయినా, అనుమతి కావాలట. ఆటను తలపుకు తెచ్చేలా మనం సొంతంగా ఒక బొమ్మ కల్పించుకోవచ్చుగానీ వాళ్ళ బొమ్మను ఉన్నదున్నట్టు దించకూడదు. ఇది మీలో ఎవరైనా ఇలాంటి పని తలపెడితే మొదటే గుర్తుపెట్టుకోవలసిన విషయం.

అయితే ఏం కుట్టాలి? ఒకామె అష్టాచెమ్మా గళ్ళను రంగురంగులుగా కుట్టింది. అది ఎవరబ్బ సొత్తూ కాదు. ఇంకొకామె వైకుంఠపాళీ తీసుకుంది. మన పాములూ నిచ్చెనల పటం ఇంగ్లండు వెళ్ళి అక్కడి పిల్లల ఆటగా మారిన కాలం నుంచీ చూస్తే అసలు నాస్టాల్జియాకు మనమే పెద్దవాళ్ళం. నాకేమో మావాడి మాట గుర్తొచ్చింది, బాపు లెక్కనే బాయిల దిగిండు అని. పదహారు గళ్ళ ఎత్తులో ఒక గని కార్మికుణ్ణి వేశాను. నెత్తిన టోపీ, టోపీకి ల్యాంపు, నడుముకు బ్యాటరీ, కాళ్ళకు బూట్లు. మూడు రంగులే వాడాలని పంతం పట్టాను. నలుపు, గోధుమ, పసుపు. ల్యాంపు వెలుగుకు ఒక్క గడి పసుపు చాలింది. మొహం ఎలాగా అని మూడు రోజులు తన్నుకుని, చివరికి నేనూ మీసమే పెట్టాను. ఆ జపాను ఆయన పడ్డ కష్టమే నాకూ వచ్చింది.

ఇక పాట ఎలా జరిపామో చెబుతాను. ఆడవాళ్ళు పదిమందిలో గొంతెత్తి పాడటానికి జంకుతారు కదా, అందుకని చిన్న బొమ్మలు పదిహేడింటికి చీటీల పద్ధతి పెట్టాం. ప్రతి బొమ్మ కింద ఒక కాగితం, ఒక పెన్సిలు. పైన కనీస ధర రాసి వుంటుంది. మీకు కావాలంటే దాని కింద మీ పేరు, మీ ధర రాస్తారు. తర్వాత వచ్చినవాళ్ళు కనీసం యాభై రూపాయలు పెంచి రాయాలి. గంట కొట్టేసరికి అట్టడుగున ఎవరి పేరుంటే బొమ్మ వాళ్ళది. మిగిలిన ఐదు పెద్ద బొమ్మలను నోటితోనే పాడించాం. ఏళ్ళ తరబడి చిట్టీలు నడిపిన మా వీధి వదినెగారు బల్ల దగ్గర నిలబడి ఒకటోసారి, రెండోసారి అంటుంటే, కోర్టు అమీను కూడా ఆమె ముందు దిగదుడుపే.

కనీస ధర పెట్టడంలో మేము తెలుసుకున్నది ఒకటుంది. బట్ట, దారం, అద్దం, చట్రం ఖర్చు లెక్కేసి, దానికి రెట్టింపు పెట్టాం. అంతకన్న తక్కువకు అడిగితే అమ్మకుండా వుండాలి. లేకపోతే వార్డు పిల్లలకు ఇవ్వడం మాట అటుంచి మన చేతి డబ్బే పోతుంది.

పాట మొదలయ్యే ముందు ఆ అమ్మాయి సెల్‌ఫోనులో ఏదో పాట పెట్టింది. గలగలమని, పిల్లలు మెట్ల మీద గంతులేస్తున్నట్టు వుంది. ఇదేమిటమ్మా అంటే, ‘‘మేరియో పాటనే గద పెద్దమ్మా, నీకు తెల్వదా?’’ అంది. కోజి కొందో అనే ఆయన కట్టిన బాణీ అట అది. ఆ తర్వాత 2023లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంవారు కలకాలం భద్రపరచవలసిన ధ్వనుల జాబితాలో దాన్ని చేర్చారు. వీడియో గేము సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. నాకు మటుకు ఆ ఆటకు ఒక పాట వుందనే సంగతి అప్పటిదాకా తెలియదు. మా ఇంట్లో అది రెండేళ్ళపాటు రోజూ ఆడింది.

పాట బాగా సాగింది. అష్టాచెమ్మా గుడ్డ ఎనిమిది వందలు పలికింది. అది కుట్టినామె మా వీధిలో మిషను మీద జాకెట్లు కుట్టి బతుకుతుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె నా చెవిలో, ‘‘అక్కా, జాకిట్టుకు పది రూపాయలు తగ్గియ్యమని గంట సేపు కొట్లాడేటోళ్ళు గూడ వీళ్ళే గదా’’ అంది. నవ్వుతూనే అంది. నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు.

ఆ రాత్రి కూచుని దీని మీద చాలా వాదించుకున్నాం. ధర్మానికి చేసిన పనికి కూలి ఏమిటని కొందరు. ఉద్యోగస్తుల ఇల్లాళ్ళం మనం సాయంత్రాలు సరదాకు కుట్టాం, ఆమె నాలుగు రోజుల జాకెట్లు మానుకుని కుట్టింది, ఆమె పెట్టుకున్నది మనందరి కన్న పెద్ద చందా కదా అని నేను. చివరకు సూది మీద బతికే నలుగురికి వాళ్ళ బొమ్మలకు వచ్చిన దాంట్లో మూడో వంతు ఇవ్వాలని తేల్చాం. ఈ నిర్ణయం పాట తర్వాత కాక ముందే చేసి, కొనేవాళ్ళకు కూడా చెప్పి వుండవలసింది. అది మా పొరపాటు. మీరు పెడితే ముందే చెప్పండి. వేరే ఊళ్ళలో కళాకారుల వాటా ఇంత, సంస్థ వాటా ఇంత అని ముందే కాగితం మీద రాసుకునే పద్ధతి వుంది, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

రెండో పొరపాటు ఇంతకన్న పెద్దది. మొత్తం పాట 31,400 రూపాయలకు తేలింది. ఎగిరి గంతేశాం. డబ్బు లెక్కపెడితే చేతికి వచ్చింది 19,900. మిగిలింది ఏదీ? నోటితో పాడిన ఐదు బొమ్మల్లో మూడు పాడుకున్న పెద్దమనుషులు బొమ్మల పక్కన నిలబడి ఫోటోలు దిగి, చేతులూపి వెళ్ళిపోయారు. మర్నాడు వెళ్ళి అడిగితే ఒకాయన, ‘‘గంత తొందరేంది చెల్లె, లడ్డూ పైసలు మళ్ళా పండుగ దాకా ఇస్తరు గద’’ అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. చాలాచోట్ల లడ్డూ పాడుకున్నవాళ్ళు మరుసటి ఏడు చవితికి కట్టడం ఆనవాయితీయే. దేవుడు ఏడాది ఆగగలడు. వార్డులో పిల్లవాడు ఎలా ఆగుతాడు? మేము చెప్పకపోవడం వల్ల ఆయన దీన్నీ లడ్డూ పాటే అనుకున్నాడు. పాటకు ముందే, డబ్బు చేతికి వచ్చాకే బొమ్మ చేతికి అని, ఇంత గడువు అని, గడువు దాటితే రెండో పాటగాడికి ఇస్తామని గట్టిగా చదివి వినిపించవలసింది.

ఆ పూట మా పరిస్థితి వినండి. 19,900లో చట్రాలకు, దారానికి అయిన 3,150 పోవాలి. సూది పని వాళ్ళ వాటా 4,200 పోవాలి. మిగిలేది 12,550. నర్సమ్మలకు మాట ఇచ్చింది ఇరవై వేల జాబితాకు. మొదటి విడత బొమ్మలూ పుస్తకాలూ తీసుకుని వెళ్ళాం. బల్లలు ఏవమ్మా అని ఒక నర్సమ్మ అడిగితే, వస్తాయి అన్నాను. ఆ ‘వస్తాయి’ అన్న మాట నన్ను మూడు నెలలు నిద్రపోనివ్వలేదు. మా చిట్టీ వదినెగారూ నేనూ ఆదివారం ఆదివారం బయలుదేరి వాళ్ళ గుమ్మాల్లో కూచున్నాం. ఇద్దరు ఇచ్చారు, మూడు వేల ఐదు వందలు చొప్పున. ఒకాయన అయితే చాయ తాగించి, ఆలస్యమైనందుకు వార్డుకు ఒక గోడగడియారం కూడా కొనిచ్చారు, పాపం. బల్లలు వెళ్ళాయి. మొత్తం మీద వార్డుకు చేరింది 19,550. ఆ లెక్క ఒక పెద్ద కాగితం మీద, ఎవరెవరు ఎంత పాడారో, ఎంత ఇచ్చారో, దేనికెంత ఖర్చయిందో రాసి మా వీధి మొదట్లో గోడకు అతికించాం. ఇవ్వని ఆయన పేరు మాత్రం రాయలేదు. మొత్తం రాస్తే, ఎవరో అందరికీ తెలిసిపోయింది.

డిసెంబరు 23న సింగరేణి డే నాడు మన దగ్గర ఆడవాళ్ళు పిండివంటలు, కుట్టుపనులు స్టాళ్ళలో పెడతారు కదా. ఈ చీటీల పద్ధతి అక్కడ ఒక బల్ల మీద పెట్టి చూడవచ్చు. అరుపులు లేవు, పెద్ద ఖర్చు లేదు. గళ్ళ కాగితం, దోసూతీ బట్ట, మూడు రంగుల దారం వుంటే చాలు. మీ ఇంట్లో పిల్లల్ని అడిగితే ఏ ఆటలో ఏ బొమ్మ ఎలా వుండేదో వాళ్ళే చెబుతారు. ఇప్పుడు నలభై ఏళ్ళ పిల్లల్ని అడిగితే ఇంకా బాగా చెబుతారు. మావాణ్ణి నేను అడిగాను. ఫోనులో అరగంట చెప్పాడు. సెట్టు పాత ఇనుముకి వేసిన సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ డబ్బు ఇవ్వని మూడో ఆయన పాడుకున్నది నా గని కార్మికుణ్ణే, 4,500కు. డబ్బు రాలేదు కాబట్టి బొమ్మ ఇవ్వలేదు. రెండో పాటగాడు ఈలోగా బదిలీ మీద మణుగూరు వెళ్ళిపోయాడు. మా ఆయన రిటైరై ఇంట్లోనే వుంటున్నారు. నెలకోసారి పేపరు మడిచి పక్కన పెట్టి, ‘‘ఆయన పైసలు ఇచ్చిండా?’’ అని అడుగుతారు. ఇంకా ఇవ్వలేదంటాను. ‘‘తొందరేమున్నది, ఇస్తడు తియ్యి’’ అని మళ్ళీ పేపరు అందుకుంటారు. బొమ్మ మా ముందు గదిలో, హంసల పక్కన, ఆయన కుర్చీకి ఎదురుగా వుంది.